నట్టు మీద ఎర్రగీత

ఇంజను ఫ్యాను రెక్క విరిగిన చప్పుడు ఎంత చిన్నదంటే, షెడ్డులో ఉన్న అయిదుగురిలో ఒక్కరు కూడా అది రెక్క అనుకోలేదు. ఎవరో పక్క వీధిలో పలక విరగ్గొట్టినట్టు 'ఠప్' మంది, అంతే. ఆ తరువాత వ్యాను డ్రైవరు తన కుడిచేతిని కళ్ల ముందుకు తెచ్చుకుని, అది తనది కాదన్నట్టు చూసుకున్నాడు. "ఇక్కడే మేస్త్రీ, ఈ మూల నుంచే వస్తోంది చప్పుడు" అంటూ ఇంజను వైపు చాచిన వేలు ఇంకా చాచే ఉంది. కాకపోతే మధ్య కణుపు దగ్గర నుంచి పక్కకు వాలిపోయి ఉంది. రక్తం వెంటనే రాలేదు. వచ్చాక ఆగలేదు.

మేస్త్రీ ఒక్క అంగలో వెళ్లి ఇంజను ఆపాడు. రేకు పని చేసే టింకరు తన మెడలో తువ్వాలు తీసి డ్రైవరు చేతికి చుట్టి, స్కూటరు మీద కూర్చోబెట్టుకుని ఆసుపత్రికి తీసుకుపోయాడు. డ్రైవరు అరవలేదు, ఏడవలేదు. స్కూటరు ఎక్కేటప్పుడు మాత్రం "బండి తాళం దానికే ఉంది" అన్నాడు. షెడ్డులో ముగ్గురు మిగిలారు.

ఆ ముగ్గురిలో ఒకడు షెడ్డు యజమాని, మేస్త్రీకి స్వయానా బావమరిది. రెండోవాడు మేస్త్రీ. మూడోవాణ్ని అందరూ మౌని అంటారు. అసలు పేరు వాళ్లావిడకు గుర్తుంటే గొప్ప. రోజుకు ఇన్నే మాటలని ఎవరో కొలిచి ఇచ్చినట్టు మాట్లాడతాడు. పదకొండేళ్లుగా మేస్త్రీ దగ్గరే పని నేర్చుకుని, మేస్త్రీ దగ్గరే పని చేస్తున్నాడు.

ఎత్తి ఉన్న బానెట్ లోపలి వైపు, వేడి తగలకుండా అతికించిన దళసరి అట్టలో నల్లటి ప్లాస్టిక్ రెక్క ముక్క దిగబడి ఉంది. బావమరిది దాన్ని పీకి, అటూ ఇటూ తిప్పి, తుక్కు డ్రమ్ములోకి విసిరేశాడు. రేడియేటరు నుంచి నీళ్లు కారి అతని చెప్పుల కిందికి వస్తున్నాయి.

"ఈ బండికి ఫ్యాను బిగించిందెవరు?" అన్నాడు.

ఎవరో అందరికీ తెలుసు. రెండు నెలల క్రితం వాటర్ పంపు మార్చి ఫ్యాను తిరిగి బిగించింది మౌని. బావమరిది మాత్రం మౌని వైపు కాకుండా మేస్త్రీ వైపు చూశాడు. ఆ షెడ్డులో తీర్పు చెప్పేది ఆయనే మరి. మేస్త్రీకి అదొక పేరు. బండి గేటు దాటి లోపలికి రాకముందే, చేతులు గుడ్డతో తుడుచుకుంటూ, చెవి ఒకవైపుకు వంచి "వాల్వులు" అనో "బేరింగు" అనో చెప్పేస్తాడు. 'మేస్త్రీ చూడకుండానే చెప్పేస్తాడు' అని బళ్ల వాళ్లు ఒకరికొకరు గొప్పగా చెప్పుకుంటారు. వినీ వినీ ఆయన కూడా ఆ మాట నమ్మాడు.

"నట్టు వదులై ఉంటుంది" అన్నాడు మేస్త్రీ. "వదులైతే ఫ్యాను అదురుతుంది. అదిరితే రెక్క నిలవదు."

"బిగించాను మేస్త్రీ" అన్నాడు మౌని.

"బిగిస్తే ఎందుకు విరుగుతుందయ్యా?"

మౌని ఏదో అనబోయి, తన అరచేతులు రెండూ తిప్పి చూసుకున్నాడు. ఆ చేతుల్లో ఏదో రాసి ఉంటే చదువుతున్నట్టు చాలాసేపు చూశాడు. బావమరిది అంతసేపు ఆగే మనిషి కాదు. "రేపటి నుంచి రానక్కర్లేదు. పాపం వాడికి వేళ్లు పోయాయి, నీకు పనన్నా పోవద్దా?" అన్నాడు. మౌని తన పెట్టె సర్దుకున్నాడు. అందులో మేస్త్రీది ఒక పానా ఉంటే తీసి, గుడ్డతో తుడిచి, మేస్త్రీ బల్ల మీద పెట్టాడు. వెళ్తూ వెళ్తూ వెనక్కి తిరిగి చూశాడు గానీ, మేస్త్రీ అప్పటికే రేడియేటరు బోల్టులు విప్పే పనిలో పడ్డాడు.

మర్నాడు కొత్త ఫ్యాను వచ్చింది. పాతది ఊడదీసి ఇది ఎక్కించాలి. రేడియేటరు తీసేశాక ముందంతా ఖాళీ కాబట్టి నట్టు చక్కగా చేతికి అందుతోంది. వదులు నట్టే కదా అని మేస్త్రీ ముందు వట్టి చేత్తో పట్టుకుని తిప్పాడు. కదల్లేదు. నవ్వుకుని పానా తెచ్చుకున్నాడు.

ఈ ఫ్యానుతో ఒక తిరకాసు ఉంది. నట్టు తిప్పితే దాని వెనక పుల్లీ కూడా తిరుగుతుంది. కాబట్టి ఒక చేత్తో పుల్లీని ఆపి, ఇంకో చేత్తో నట్టును తిప్పాలి. పైగా నట్టు లోపలి మర ఉల్టా. మామూలు నట్టు బిగించే వైపుకు తిప్పితే ఇది ఊడుతుంది. ఇవన్నీ మేస్త్రీకి కొట్టినపిండి. పుల్లీని ఆపడానికి రెండు బెజ్జాల ఇనపపట్టీ ఆయనే తయారు చేసుకున్నాడు. పట్టీని ఎడంచేత్తో ఛాతీకి ఆనించి నొక్కి పట్టి, సన్నటి పానాను సందులోకి దూర్చి, కుడిచేత్తో లాగాడు. మెడ నరాలు ఉబ్బాయి. నట్టు ఉలకలేదు, పలకలేదు.

'రెండు నెలలు తిరిగింది కదా. తిరిగే కొద్దీ అదే బిగుసుకుపోయి ఉంటుంది' అనుకున్నాడు. అలా బిగుసుకుపోయే నట్టు వదులెలా అవుతుందన్న ప్రశ్న ఆయనకు రాలేదు. వచ్చినా గుమ్మంలోనే ఆపేసి ఉంటాడు.

కిరసనాయిలు పోసి ఓ గంట ఆగాడు. పానా చివర సుత్తితో కొట్టాడు. కొట్టిన ప్రతిసారీ పట్టీ జారి పుల్లీ తిరిగిపోయింది. మంట పెడదామంటే పంపు లోపలి రబ్బరు సీలు కాలిపోతుంది. ఇలాంటి పనికి నాలుగు చేతులు కావాలి. ఇన్నాళ్లూ మిగతా రెండు చేతులూ మౌనివి. పట్టీ పట్టుకుని గోడలా నిలబడేవాడు. 'కొట్టండి' అని కూడా అనేవాడు కాదు. మేస్త్రీ ఆ సంగతి గుర్తు చేసుకోకుండా, పట్టీని తాడుతో కట్టి మళ్లీ కొట్టాడు. తాడు తెగింది.

"ఏం బావా, నీ చేతికి లొంగని నట్టు కూడా పుట్టిందా?" అని బావమరిది కుర్చీలోంచే నవ్వాడు.

మధ్యాహ్నం డ్రైవరు వచ్చాడు. ఇంట్లో ఉండబుద్ధి కావట్లేదన్నాడు. కుడిచెయ్యి మోచేతి దాకా తెల్లగా, మెడలోంచి వేలాడుతూ ఉంది. రెండు వేళ్లకు కుట్లు పడ్డాయట. చూపుడువేలు ఇక వంగదట. 'వంగదు' అనే మాట తను వేరేవాళ్ల గురించి చెప్తున్నట్టు చెప్పాడు. గ్లాసు ఎడంచేత్తో పట్టుకుంటే టీ ఒలికిపోతోంది. మేస్త్రీ గ్లాసు తీసుకుని, ఊది, తనే తాగించాడు.

"నువ్వు దేవుడివన్నా" అన్నాడు డ్రైవరు. "ఆ మౌనిగాడు కనీసం ఓసారి వచ్చి చూశాడా? నోట్లో మాట లేనోణ్ని నమ్మకూడదన్నా. వాడి చేతులు పడిపోను."

మేస్త్రీ డ్రైవరు మూతికి అంటిన టీని తన భుజం మీది గుడ్డతో తుడిచాడు. ఆ సాయంత్రానికి ఆయన కుడి అరచేతిలో రెండు బొబ్బలు లేచాయి. చిన్నప్పుడు పని నేర్చుకున్న రోజుల తరువాత మళ్లీ బొబ్బలు రావడం అదే.

బుధవారం పొద్దున్నే బావమరిది ఇనుము కోసే గ్రైండరు తెచ్చి ఇంజను పక్కన పెట్టాడు. "రేపు బండి వెళ్లిపోవాలి. ఆ నట్టు ఎలాగూ పాత ఫ్యానుదే. కోసి పారెయ్ బావా, ఎందుకా కుస్తీ?"

కోయడం మేస్త్రీకి నామోషీ. "ఒక్కసారి చూసి కోస్తా" అన్నాడు. పానా నట్టు మీద సరిగ్గా కూర్చోవడం లేదని అనుమానం వచ్చి, తీగల బ్రష్షు, కిరసనాయిలు తీసుకుని, నట్టు చుట్టూ పేరుకున్న నల్లటి మట్టి తోమడం మొదలుపెట్టాడు. గ్రీజు, దుమ్ము, ఎండిపోయిన రేడియేటరు నీళ్లు కలిసి తారులా పట్టేశాయి. గుడ్డ తడిపి తుడిచాడు. మళ్లీ తోమాడు. అడుగు నుంచి ఎరుపు కనబడింది.

ముందు తుప్పు అనుకున్నాడు. కళ్లజోడు పెట్టుకుని, టార్చి వేసి చూశాడు. తుప్పు కాదు. పెళ్లికూతురి గోరంత ఎర్రగా, నిగనిగలాడుతూ ఒక గీత. నట్టు మీద మొదలై, దాని అంచు దిగి, వెనక పుల్లీ ముఖం మీదికి తిన్నగా వెళ్లింది. ఎక్కడా తెగలేదు. ఎక్కడా పక్కకు జరగలేదు.

మేస్త్రీ చేతిలో గుడ్డ చేతిలోనే ఉండిపోయింది.

అది మౌని గీత. మౌనికి ఒక పిచ్చి ఉంది. బిగించిన ప్రతి ముఖ్యమైన నట్టు మీదా, తన కూతురు వాడి పారేసిన గోళ్లరంగు సీసాతో గీత గీస్తాడు. సగం నట్టు మీద, సగం దాని వెనక భాగం మీద. నట్టు వెంట్రుకవాసి కదిలినా గీత విరుగుతుంది. అందుకని. షెడ్డులో అందరూ దాన్ని పట్టుకుని ఏడిపించేవాళ్లు. టింకరు "కాళ్లకు పారాణి కూడా పెట్టు" అనేవాడు. అందరికన్నా ఎక్కువ నవ్వింది మేస్త్రీయే. 'చేతి మీద నమ్మకం లేనివాడికే గీతలు కావాలి' అని కూడా అన్నాడు. ఆ సీసా ఇప్పటికీ కిటికీ గూట్లో, మౌని వదిలేసిన చోటే ఉంది.

గీత చెక్కుచెదరలేదంటే నట్టు వదులు కాలేదు. సడలడం మాట అలా ఉంచి, తిరిగి తిరిగి బిగుసుకోను కూడా లేదు. మౌని చెయ్యి తీసిన క్షణంలో ఎక్కడుందో రెండు నెలల తరువాత కూడా అక్కడే ఉంది. నిన్నంతా తను వేలాడినా, సుత్తితో మోదినా అక్కడే ఉంది. 'బిగించాను మేస్త్రీ' అన్న మాట ఆ నట్టు నిన్నటి నుంచీ తన మొహం మీదే చెప్తోంది. తనేమో దాన్ని కొడుతున్నాడు.

అయితే రెక్క ఎందుకు విరిగింది?

తుక్కు డ్రమ్ము నేల మీద బోర్లించి, ఆ ముక్క వెతికి పట్టుకున్నాడు. విరిగిన అంచును వెలుతురుకు పెట్టి చూశాడు. అంచులో సగం నల్లగా, దుమ్ము పట్టి ఉంది. మిగతా సగం తళతళలాడుతోంది. అంటే సగం ఎప్పుడో చిట్లింది, మిగతా సగం మొన్న తెగింది. ఆ పాత పగులు అంచు మీద సన్నటి చార ఒకటి. గోటితో గీరాడు. రబ్బరు. ఆకుపచ్చ రబ్బరు.

మేస్త్రీ తల తిప్పి గోడ వైపు చూశాడు. చూడకుండా ఉండాల్సింది, కానీ తల దానంతట అదే తిరిగింది. గోడకు ఆనించి ఆయన ఇనప కడ్డీ ఉంది. బండి భాగాలకు గీతలు పడకూడదని దాని కొసకు ఆకుపచ్చ గొట్టం తొడిగాడు. ఇంట్లో మొక్కలకు నీళ్లు పెట్టే గొట్టంలోంచి జానెడు కోసినందుకు భార్య రెండు రోజులు మాట్లాడలేదు. ఆ షెడ్డులో ఆకుపచ్చ తొడుగున్న కడ్డీ ఇంకోటి లేదు.

రెండు వారాల క్రితం ఇదే వ్యానుకు వాల్వులు సరిచేశాడు తను. ఇంజనును కాస్త కాస్త తిప్పుతూ గుర్తు దగ్గరికి తేవాలి. కింద పెద్ద బోల్టుకు పానా వేసి తిప్పడం పద్ధతి. వంగాలి, నడుం నొప్పి. అందుకని ఎప్పటిలాగే కడ్డీని రెక్కల మధ్య దూర్చి ఒక ఊపు ఊపాడు. అప్పుడు 'టిక్' మని వినబడింది. బెల్టు సర్దుకుందిలే అనుకున్నాడు. చెవితో రోగం పట్టేసే మనిషి, పక్కనే విన్న చప్పుడును బెల్టు మీదికి తోసేశాడు.

పక్కనున్న టైరు మీద కూలబడ్డాడు. డ్రైవరు మూతి తుడిచిన గుడ్డ భుజం మీద ఉంది. తీసి కింద పడేశాడు.

"ఏమైంది బావా, మొహం అలా అయిపోయింది?" అని బావమరిది వచ్చాడు. మేస్త్రీ టార్చి వేసి గీత చూపించాడు. బావమరిది వంగి చూశాడు. తెలియనివాడేం కాదు, రెండు నిమిషాల్లో అర్థం చేసుకున్నాడు. నిటారుగా లేచి, వీధి వైపు ఒకసారి చూసి, గొంతు తగ్గించాడు.

"అయితే త్వరగా కోసెయ్. కోసేస్తే గీతా ఉండదు, గొడవా ఉండదు."

మేస్త్రీ వింటున్నది నమ్మలేకపోయాడు. "వాడి తప్పు లేదురా ఇందులో!"

"లేదని వాడే అనట్లేదు కదా. నిన్న సాయంత్రం ఫోన్ చేశాడు నాకు. పొరపాటు నాదే అయ్యుంటుందండీ, డ్రైవరన్న ఇల్లెక్కడో చెప్పండి, వెళ్లి కాళ్లు పట్టుకుంటానన్నాడు. నేను చెప్పలేదులే, అక్కడేదైనా గొడవైతే మన పీకల మీదికొస్తుంది."

"వాడు ఒప్పుకున్నాడా?"

"నువ్వు అన్నాక ఒప్పుకోడా?" అన్నాడు బావమరిది చాలా మామూలుగా.

ఈ దెబ్బ ముందరి రెండింటికన్నా గట్టిగా తగిలింది. మేస్త్రీ లేచి గ్రైండరు అందుకున్నాడు. బావమరిది 'హమ్మయ్య' అనుకునే లోపే, దాని కోత పళ్లెం విప్పి తన చొక్కా జేబులో వేసుకున్నాడు. రెక్క ముక్క ఇంకో జేబులో పెట్టుకున్నాడు. "ఆ నట్టును ఎవరూ ముట్టుకోవద్దు. నేనొచ్చేదాకా" అని చెప్పి, చేతులు కూడా కడుక్కోకుండా వీధిలోకి నడిచాడు. వెనక నుంచి బావమరిది "బావా, బావా" అంటూనే ఉన్నాడు.

మౌని ఇల్లు వెతుక్కోవడానికి గంట పట్టింది. పదకొండేళ్లలో ఒక్కసారి కూడా వెళ్లలేదని ఆ సందుల్లో తిరుగుతున్నప్పుడు గాని తట్టలేదు. రెండో అంతస్తులో రెండు గదులు. తలుపు తీసింది మౌని భార్య. ఆమె మేస్త్రీని గుర్తుపట్టి పక్కకు తప్పుకుంది గానీ, రండి అనలేదు.

లోపల మౌని వంటింటి కుళాయి ముందు కూర్చుని ఉన్నాడు. కుళాయి విప్పి ఉంది. నేలంతా నీళ్లు.

"వాషరు పగిలింది" అంది ఆమె, మేస్త్రీతో కాదు, గోడతో చెప్తున్నట్టు. "పగలదా మరి? మూడు రోజుల నుంచీ అదే పని. కుళాయి బిగించడం, మళ్లీ లేచొచ్చి బిగించడం. గ్యాసు మూత పదిసార్లు చూడటం. నిన్న పాప సైకిలు చక్రాలు విప్పి మళ్లీ బిగించాడు. వదులుగా ఉన్నాయా నాన్నా అని అది అడిగితే, తెలియట్లేదమ్మా అన్నాడు. పదకొండేళ్లు పనిచేసిన మనిషికి నట్టు బిగిసిందో లేదో తెలియట్లేదట! ఏం చేశారండీ ఈయన్ని?"

మౌని లేచి నిలబడ్డాడు. "మేస్త్రీ, కూర్చోండి" అని కుర్చీ తుడిచాడు.

మేస్త్రీ కూర్చోలేదు. "ఆ నట్టు ఊడి రావట్లేదు" అన్నాడు.

మౌని అర్థం కానట్టు చూశాడు.

"నిన్నటి నుంచి. నా వల్ల కావట్లేదు. చూడు." బొబ్బల చెయ్యి చాచాడు. "నువ్వు బాగా బిగించావు. గీత ఉంది. ఎర్రగా, తిన్నగా, విరగకుండా ఉంది."

"గీత పెట్టానా?" అన్నాడు మౌని. ఆ గొంతులో అనుమానం నిజమైన అనుమానం. "గుర్తు లేదు మేస్త్రీ. మొన్నటి నుంచీ తలుచుకుంటుంటే ఒకసారి పెట్టినట్టు ఉంటుంది, ఒకసారి లేనట్టు ఉంటుంది. ఆ రోజు తొందరలో ఉన్నానేమో. మర్చిపోయానేమో. మీరు చూడకుండా అనరు కదా."

"చూడకుండానే అన్నాను."

నేల మీద నీళ్లు మెల్లగా గుమ్మం వైపు పాకుతున్నాయి. మౌని భార్య గుడ్డ తీసుకుని వంగబోయి, అలాగే ఆగిపోయింది.

"చూడలేదు" అన్నాడు మేస్త్రీ మళ్లీ. "నట్టు వైపు కూడా చూడలేదు. నోటికొచ్చింది అన్నాను. రెక్క విరిగింది నీ వల్ల కాదు, నా కడ్డీ వల్ల." జేబులోంచి రెక్క ముక్క తీసి మౌని చేతిలో పెట్టాడు. దాంతోపాటు గ్రైండరు పళ్లెం కూడా బయటికొచ్చి నేల మీద పడి గింగిరాలు తిరిగింది. ముగ్గురూ అది ఆగేదాకా చూశారు.

మౌని ముక్కను వెలుతురుకు పెట్టాడు. ఆకుపచ్చ చార మీద బొటనవేలు ఆనించాడు. మేస్త్రీ వైపు చూసిన ఆ చూపులో కోపం ఉన్నా బాగుండేది. పదకొండేళ్లుగా రోజూ చూసిన మొహాన్ని మొదటిసారి చూస్తున్నట్టు చూశాడు.

"ఇది ఇక్కడ చెప్పి వెళ్లిపోతారా?" అంది మౌని భార్య.

"లేదమ్మా. రేపు అక్కడ చెప్తాను. అందరి ముందూ. కానీ ఆ నట్టు ఊడిందంటే గీత పోతుంది. అది పోకముందు ఇతను వచ్చి తన కళ్లతో చూడాలి. తన చేత్తో పట్టి చూడాలి. ఒక్కసారి పంపించమ్మా."

ఆమె మొగుడి వైపు చూసింది. మౌని కుళాయి వైపు చూస్తున్నాడు.

మర్నాడు పొద్దున మౌని వచ్చాడు, పెట్టె లేకుండా, ఉత్త చేతులతో. టింకరు పని ఆపేశాడు. బావమరిది కుర్చీలోంచి లేచి, మళ్లీ కూర్చుని, మళ్లీ లేచాడు. డ్రైవరు గేటు దగ్గరే ఉన్నాడు. మౌనిని చూడగానే అతని మొహం ఎర్రబడింది. "వీణ్ని ఎవరు రమ్మన్నారు?" అన్నాడు.

"నేను" అన్నాడు మేస్త్రీ. "నువ్వూ రా తమ్ముడూ. ఇటు వచ్చి చూడు."

మౌని ఇంజను మీదికి వంగాడు. మేస్త్రీ టార్చి పట్టుకున్నాడు. ఎర్రగీత మెరిసింది. మౌని చూపుడువేలితో దాన్ని నట్టు మీది నుంచి పుల్లీ దాకా తడిమాడు. వెనక్కి తడిమాడు. పానా అందుకుని, నట్టుకు తగిలించి, మెల్లగా లాగాడు. కదల్లేదు. గట్టిగా లాగాడు. కదల్లేదు. ఊపిరి బిగబట్టి ఒళ్లంతా వెనక్కి వేసి లాగాడు. నట్టు రాయిలా ఉంది. మౌని పానా వదిలేసి, తన అరచేతుల్ని తిప్పి చూసుకున్నాడు.

"బిగించాను" అన్నాడు. ఎవరితోనో కాదు, తనతోనే.

అప్పుడు మేస్త్రీ చెప్పాడు. గీత అంటే ఏమిటో డ్రైవరుకు అర్థమయ్యేలా చెప్పాడు. రెక్క ముక్క చూపించాడు, పాత పగులు చూపించాడు, కడ్డీ తెచ్చి ఆకుపచ్చ తొడుగు దాని పక్కన పెట్టాడు. బావమరిది మధ్యలో "బావా, ఊరుకో, బండాయన ముందు ఏంటది" అని చెయ్యి పట్టుకుని లాగాడు. మేస్త్రీ చెయ్యి విడిపించుకుని చివరిదాకా చెప్పాడు. 'టిక్' మని విన్నానని కూడా చెప్పాడు. అది చెప్పకపోయినా ఎవరికీ తెలిసేది కాదు.

డ్రైవరు ఆ ఆకుపచ్చ తొడుగు వైపు, తన కట్టు వైపు చూశాడు.

"మొన్నటి నుంచీ నీ చేత్తో టీ తాగానే అన్నా" అన్నాడు.

"అవును."

"వాణ్ని తిట్టాను. వాడి చేతులు పడిపోవాలని తిట్టాను. నువ్వు పక్కనే ఉన్నావు."

అప్పుడు తెలియదని మేస్త్రీ అనొచ్చు, నిజమే. కానీ చూసి ఉంటే తెలిసేది. డ్రైవరు గేటు దాకా నడిచి, అక్కడి నుంచి తిరిగొచ్చి, "బండి మాత్రం ఇతనే చెయ్యాలి. నువ్వు ముట్టుకోకూడదు" అన్నాడు. కట్టు కట్టిన చేత్తో మౌనిని చూపించబోయి, కుదరక, గడ్డంతో చూపించాడు.

మౌని తల ఊపాడు. సుత్తి తీసుకున్నాడు. చుట్టూ చూశాడు. పట్టీ పట్టుకోవడానికి ఇంకో మనిషి కావాలి. టింకరు ముందుకు రాబోయాడు.

"నేను పట్టుకుంటాను" అన్నాడు మేస్త్రీ. డ్రైవరు వైపు తిరిగి, "పట్టుకోవడమే. పని అతనిదే" అన్నాడు.

పట్టీ బెజ్జాలు పుల్లీ బోల్టులకు తగిలించి, మేస్త్రీ దాన్ని పొట్టకు ఆనించి, రెండు చేతులతో నొక్కి, కాళ్లు ఎడంగా పెట్టి నిలబడ్డాడు. ఈ చోట నిలబడితే సుత్తి మొహానికి ఎంత దగ్గరగా వస్తుందో ఆయనకు ఇన్నేళ్లలో తెలియలేదు. మౌని పానా సరిచేసి, సుత్తి ఎత్తాడు.

మొదటి దెబ్బకు పట్టీ మేస్త్రీ పక్కటెముకల్లోకి పొడుచుకుంది. వదల్లేదు. రెండో దెబ్బ. మూడో దెబ్బకు 'కిర్ర్' మని ఒక చిన్న అరుపు వినబడింది. టార్చి వెలుతురులో ఎర్రగీత రెండు ముక్కలై, పై ముక్క పక్కకు జరిగింది. అందరూ అది చూశారు. మౌని నట్టును చేత్తో తిప్పి, విరిగిన ఫ్యానును బయటికి తీసి, పసిబిడ్డను దించినట్టు నేల మీద దించాడు.

"రేపటి నుంచి వచ్చెయ్యవయ్యా" అన్నాడు బావమరిది, గొంతు సవరించుకుని. మౌని వినిపించుకోలేదు. మర శుభ్రం చేస్తున్నాడు.

కొత్త ఫ్యాను ఎక్కించాడు. మేస్త్రీ మళ్లీ పట్టీ పట్టుకున్నాడు. మౌని నట్టు బిగించాడు. ఆగి, మళ్లీ పానా వేసి చూశాడు. మూడోసారి కూడా వెయ్యబోయి, చెయ్యి గాల్లోనే ఆపి, బలవంతంగా వెనక్కి తీసుకున్నాడు. ఆ చెయ్యి కొద్దిగా వణకడం మేస్త్రీ చూశాడు. అది తను పెట్టిన వణుకు. ఈ షెడ్డులో ఏ పనిముట్టుతోనూ అది ఊడిరాదు.

మేస్త్రీ వెళ్లి, కిటికీ గూట్లోంచి గోళ్లరంగు సీసా తెచ్చి ఇచ్చాడు. మౌని మూత తీసి, కుంచె సీసా అంచుకు రాసి, ఊపిరి ఆపి గీత గీశాడు. నట్టు మీద మొదలై పుల్లీ దాకా. ఆరేదాకా నోటితో ఊదాడు.

తరువాత టార్చి తీసి మేస్త్రీ చేతిలో పెట్టి, పక్కకు తప్పుకున్నాడు.

"ఈసారి చూసి చెప్పండి మేస్త్రీ" అన్నాడు.

మేస్త్రీ కళ్లజోడు తుడిచి పెట్టుకుని, ఇంజను మీదికి వంగాడు.